కరెంటోళ్ళ మెట్ల మీద

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు రాజలింగుగారికి లేదు. బొమ్మలగుట్ట బొగ్గుగని కాలనీలో ఆయనను అందరూ గురువయ్య అనేవారు. ఆదివారం పొద్దున ఆయన ఇంటి అరుగు మీద శిష్యులు చేరి తత్వాలు పాడేవారు. పాట ముగిశాక ఎవరి సందేహం వారు అడిగేవారు. ఆయన చివరిదాకా విని, తల ఊపి, "సూద్దాం" అని ఊరుకునేవారు. ఆ చూడడం ఒక్కోసారి ఆ సాయంత్రమే అయ్యేది, ఒక్కోసారి వానాకాలం దాటిపోయేది. జవాబు ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు కాబట్టి శిష్యులు ఆయన వెంట తిరగడం మానేవారు కాదు.

ఒక ఏడాది దీపావళి వెళ్ళాక ఆ అరుగు మీద తత్వాలు తగ్గి ఫుట్‌బాల్ పెరిగింది. బొమ్మలగుట్ట చిన్న గని. బొగ్గు ప్రాంతపు లీగ్‌లో దాని జట్టు ప్రతి ఏడూ అట్టడుగునే ఉండేది. ఆ ఏడు మాత్రం వానలు వెనకబట్టగానే మొదలైన పోటీల్లో మొదటి ఆట గెలిచింది. అదృష్టం అన్నారు. రెండోదీ గెలిచింది. ఆ తర్వాత, ఏటా కప్పు ఎత్తుకుపోయే కరెంటోళ్ళను, అంటే పక్క ఊరి విద్యుత్ కేంద్రం జట్టును, తన సొంత మైదానంలో ఓడించింది. అప్పుడు ఎవరూ అదృష్టం అనలేదు. షిఫ్టు దిగి పైకి వచ్చినవాళ్ళు ముఖం మీది బొగ్గు కడుక్కోకముందే స్కోరు అడిగేవారు. దసరా నాటికి జట్టు పట్టికలో అందరికంటే పైన నిలిచింది. ఆ రోజు జనం జమ్మి ఆకును ముందు కెప్టెన్ రాయమల్లు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుని, తర్వాతే ఇంటి పెద్దల కాళ్ళు మొక్కారు.

దసరా తర్వాత ఏమైందో ఎవరికీ అంతుబట్టలేదు. ఒక ఆట సమమైంది. తర్వాతిది ఓడారు. ఆ పై వారం తమకంటే ఎంతో కింద ఉన్న జట్టు చేతిలో ఓడారు. వచ్చిన బంతినల్లా గోల్‌లోకి పంపిన రాయమల్లు కాలికి ఇప్పుడు గోల్ దొరకడం లేదు. కాలనీలో టీ కొట్టు దగ్గర, క్యాంటీన్‌లో, క్షౌరశాలలో ఇదే వాదన. రాయమల్లుకు కొత్తగా పెళ్ళయిందని కొందరు, కోచ్‌కు తలపొగరు వచ్చిందని కొందరు, రాత్రి షిఫ్టులు వేసి మేనేజరే చెడగొడుతున్నాడని మరికొందరు.

ఈ వాదన అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఇద్దరు. ఓదెలు, మొగిలి. ఇద్దరూ గురువయ్య శిష్యులే. పైగా బావాబామ్మర్దులు. మొగిలి అక్కనే ఓదెలు చేసుకున్నాడు. "మనది గంతే స్థాయి. దసరా దాక నడిసింది కల. ఇప్పుడు తెలివొచ్చింది" అనేవాడు ఓదెలు. "కల కాదు, మనోళ్ళు కప్పు గొట్టే మొనగాళ్ళు. గా రాయమల్లు ఒక్కడు పాడు జేత్తున్నడు. ఆణ్ని తీసేత్తె అన్నీ మంచిగైతయ్" అనేవాడు మొగిలి. మాటా మాటా పెరిగి, దీపావళి నాడు ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేయలేదు. ఓదెలు భార్య అటు తమ్ముడికీ ఇటు మొగుడికీ చెప్పలేక ఏడ్చింది. అయినా ఇద్దరూ మాట్లాడుకోలేదు. మొగిలి అంతటితో ఆగక, రాయమల్లును కెప్టెన్‌గానే కాదు, జట్టులోంచే తప్పించమని సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళడానికి జనాన్ని కూడగట్టాడు.

దానికి ముందు రోజు ఆదివారం. తత్వం పూర్తి కాకముందే ఓదెలు చేతులు జోడించాడు. "గురువయ్యా, గెలిసిన జట్టు నిజమా, ఓడుతున్న జట్టు నిజమా? మా ఇద్దరిల ఎవ్వని మాట ఖరారో మీరే చెప్పాలె."

రాజలింగుగారు ఇద్దరినీ చూశారు. అరుగుకు ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు.

"ఆట మల్ల ఎప్పుడున్నది?" అని అడిగారు.

"ఇయ్యాల మాపటీలే. కరెంటోళ్ళతోని. ఆళ్ళ గ్రౌండ్లనే."

"అయితే పోదాం. నేనెప్పుడు సూడలే."

మధ్యాహ్నం బస్సు నిండా జనం. అందరి మెడల్లో ఎర్ర తువాళ్ళు, అది జట్టు రంగు. విద్యుత్ కేంద్రం మైదానానికి తూర్పున మట్టికట్ట ఉంది. బయటి ఊళ్ళ వాళ్ళు దాని మీద కూర్చోవాలి. సాయంత్రపు ఎండ తిన్నగా కళ్ళలో పడుతుంది. పడమట రేకుల కప్పు కింద సిమెంటు మెట్లు. అవి కరెంటోళ్ళవి. బస్సు దిగిన రాజలింగుగారు చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి, కర్ర పొడుచుకుంటూ పడమటి వైపు నడక మొదలుపెట్టారు.

"అయ్యా, అది ఆళ్ళ జాగ!" అని ఓదెలు వెనకాలే పరిగెత్తాడు.

"నీడ గూడ ఆళ్ళదేనా?" అన్నారాయన, ఆగకుండానే.

ముసలాయనను ఒంటరిగా పంపలేరు. ఓదెలు తువాలు తీసి చొక్కాలో దోపుకున్నాడు. ఇంకో పక్క చూస్తే మొగిలి కూడా అదే పని చేస్తున్నాడు. ఆకుపచ్చ తువాళ్ళ గుంపు మధ్యలో రాజలింగుగారు ఒక మెట్టు చూసుకుని కూర్చున్నారు. ఆయనకు ఆ పక్కన ఒకడు, ఈ పక్కన ఒకడు కూర్చున్నారు. అప్పుడు మొగిలి గురువయ్య వీపు వెనక నుంచి వంగి, దీపావళి తర్వాత మొదటిసారి బావతో మాట్లాడాడు. "బావా, ఏం జరిగినా నోరు తెరువకు. తెరిత్తె ముగ్గురికి దెబ్బలే."

ఆట మొదలైంది. వాళ్ళ ముందు మెట్టు మీద ఒక భారీ మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు భాస్కరరావు, టర్బైన్ దగ్గర పని చేస్తాడట. చుట్టుపక్కల కుర్రాళ్ళంతా ఆయన అరిస్తే అరుస్తున్నారు, ఆయన కూర్చుంటే కూర్చుంటున్నారు. రాయమల్లు కాలికి మొదటిసారి బంతి తగలగానే ఆయన ఎగిరి లేచాడు. "ఇద్దరు పోండ్రా! ఇద్దరు! వాణ్ని వదలొద్దు!" మెట్లన్నీ ఒక్కసారి లేచాయి. రాయమల్లు బంతి పోగొట్టుకున్నాడు. ఎదురుగా మట్టికట్ట మీద బొమ్మలగుట్ట వాళ్ళు "ఛీ" అని తలలు కొట్టుకోవడం ఇక్కడి నుంచి కూడా కనిపించింది. ఇక్కడ మాత్రం భాస్కరరావు గుండె మీద చేయి వేసుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు.

ఓదెలుకు ఇది వింతగా ఉంది. ప్రతివారం అతను ఆ మట్టికట్ట లాంటి చోట కూర్చుని, రాయమల్లు పోగొట్టుకున్న బంతులు లెక్కపెట్టేవాడు. రాయమల్లు వైపు బంతి వస్తుంటేనే వణికేవాళ్ళు ఉంటారని అతనికి ఎప్పుడూ తోచలేదు. కోచ్, గోల్‌కీపర్ సహా కరెంటోళ్ళ మనుషులంతా ఆట పొడుగునా ఒకే పేరు అరుస్తున్నారు. అది వాళ్ళ ఆటగాడి పేరు కాదు.

హాఫ్ టైంలో భాస్కరరావు వెనక్కి తిరిగి గురువయ్యకు, పక్కనున్న ఇద్దరికీ శనగలు పెట్టాడు. కొత్త ముఖాలను తమ ఊరివాళ్ళే అనుకున్నట్టున్నాడు. "మొదటి రౌండులో వీళ్ళను లెక్కచెయ్యలేదు పెద్దాయనా. బొగ్గు గని వాళ్ళకు ఆటేం వచ్చులే అనుకున్నాం. చితక్కొట్టి పంపించారు. అప్పట్నుంచి మా కోచ్‌కు నిద్రలేదు. వారమంతా ఆ రాయమల్లు ఒక్కడి కోసమే ప్రాక్టీసు పెట్టాడు. మేమే కాదు, లీగ్‌లో జట్లన్నీ అదే చేస్తున్నాయి." గొంతు తగ్గించి, "ఇంకో మాట విన్నాను. వాళ్ళవాళ్ళే వాణ్ని జట్టులోంచి తీసేయమంటున్నారట! ఆ మాటే నిజమైతే నేను తిరపతి నడిచి వెళ్తాను" అన్నాడు.

మొగిలి నోట్లోని శనగ గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ వంగిపోయాడు. ఓదెలు అతని వీపు మీద చరుస్తూ నేల చూపులు చూశాడు.

"ఆడు లేకుంటె మీకేం లాభం నాయినా?" అని రాజలింగుగారు అడిగారు.

"అదేంటండీ! వాణ్ని కాయడానికి పెట్టిన ఇద్దరూ మాకు ఖాళీ అవుతారు. ఇప్పుడు తొమ్మిదిమందితో ఆడుతున్నట్టుంది మా పని!"

రెండో సగం మొదలైన కాసేపటికే కరెంటోళ్ళు కార్నర్ నుంచి గోల్ కొట్టారు. మెట్లు దద్దరిల్లిపోయాయి. భాస్కరరావు వెనక్కి తిరిగి గురువయ్యను అమాంతం కౌగిలించుకున్నాడు. ఆయన కూడా సంబరంగా నవ్వి అతని భుజం తట్టారు. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే బావాబామ్మర్దులకు లేవక తప్పలేదు. చప్పట్లు కొడుతున్న మొగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నవాడు అవి ఆనందబాష్పాలనుకుని అతని చేయి పట్టుకుని ఊపాడు.

గోల్ వేసినా మెట్ల మీద వాళ్ళకు స్థిమితం లేదు. కూర్చోరు, నిలబడరు. భాస్కరరావు తువాలు చివర కొరుకుతున్నాడు. "విజిల్ ఊదవయ్యా, ఊదు" అని ఎక్కడో మైదానం మధ్యలో ఉన్న రెఫరీని బతిమాలుతున్నాడు. మొగిలి గురువయ్య వెనక నుంచి మళ్ళీ వంగాడు. "గెలుత్తున్నోళ్ళు గింత బుగులు పడ్తరా బావా?" ఓదెలు చేయి వచ్చి బామ్మర్ది చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆట ముగియవస్తుండగా ఎడమ వైపున రాయమల్లుకు బంతి అందింది. ఎప్పటిలాగే ఇద్దరు మీదపడ్డారు. అతను గోల్ వైపు తిరగలేదు. బంతి తీసుకుని మూలన ఉన్న జెండా వైపు పరుగు తీశాడు. ఇద్దరూ వెంటపడ్డారు. భయంతో మూడోవాడు కూడా తన చోటు వదిలి అటే పోయాడు. "వద్దురా! నువ్వు పోకు! నువ్వు పోకు!" అని భాస్కరరావు గొంతు చించుకున్నాడు. ఆ ముగ్గురి మధ్య చిక్కిన రాయమల్లు మడమతో బంతిని వెనక్కి నెట్టాడు. ఆ మూడోవాడు వదిలిన ఖాళీలోకి, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంప్‌రూంలో పనిచేసే ఇమ్రాన్ పరుగెత్తుకొచ్చాడు. ఆపేవాడు లేడు. ఒక్క తన్ను. వల వెనక్కి ఉబ్బింది.

ఓదెలు, మొగిలి ఎప్పుడు లేచారో, గురువయ్య తల మీదుగా ఒకరినొకరు ఎలా వాటేసుకున్నారో వాళ్ళకే తెలియదు. "బావా! బావా!" అని మొగిలి, "కొట్టిండ్రుర మనోళ్ళు!" అని ఓదెలు, మెట్టు మీద గంతులు వేశారు. చొక్కాల్లోంచి ఎర్ర తువాళ్ళు బయటపడ్డాయి. అప్పుడు గానీ చుట్టూ ఉన్న నిశ్శబ్దం వాళ్ళకు వినిపించలేదు.

భాస్కరరావు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఆ తువాళ్ళను చూశాడు. "మీరు అటువాళ్ళా?" అన్నాడు. పై మెట్ల నుంచి నలుగురు కుర్రాళ్ళు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ దిగారు.

"అవునయ్యా" అన్నారు రాజలింగుగారు. "నీడకు అచ్చినం."

భాస్కరరావు ఆయనను చూశాడు, వీళ్ళను చూశాడు. రెండు చేతులతో తల పట్టుకుని కూలబడ్డాడు. "మా గుట్టంతా వీళ్ళకే చెప్పానురా దేవుడా!" అన్నాడు. అని, తనలో తను నవ్వడం మొదలుపెట్టాడు. కుర్రాళ్ళు ఇంకో మెట్టు దిగబోతే చేయి అడ్డం పెట్టాడు. "పెద్దాయనకు శనగలు పెట్టింది నేను. ఎవడూ ముందుకు రావద్దు. కూర్చోండి, ఆట ఇంకా అవలేదు." నిజానికి ఆ మాట అంటుండగానే రెఫరీ విజిల్ ఊదాడు. ఒకటి, ఒకటి.

బస్సులో మట్టికట్ట జనమంతా ఎండకు మాడిన ముఖాలతో ఎక్కారు. కొందరు పాట ఎత్తుకున్నారు, కొందరు అప్పుడే గొణుగుడు మొదలుపెట్టారు. మళ్ళీ గెలవలేదు. రాయమల్లు ఇవాళ కూడా గోల్ కొట్టలేదు. ముందు సీటులోంచి ఒకాయన వెనక్కి తిరిగి, "మొగిలీ, రేపు మేనేజర్ దగ్గరికి ఎన్ని గంటలకు పోదాం?" అని అడిగాడు.

"నేను రాను" అన్నాడు మొగిలి. అరిచి అరిచి కాదు, అరవకుండా ఆపుకుని అతని గొంతు బొంగురుపోయింది. "మీరు గూడ పోకుండ్రి. రాయమల్లును తీసెయ్యాల్నని అటు ఒకాయన తిరపతికి మొక్కుకున్నడు. ఆయన మొక్కు మనమెందుకు తీర్సాలె?"

ఆ మాట అర్థం కాక వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఓదెలు పక్కకు జరిగి బామ్మర్దికి సీటు ఇచ్చాడు. "ఇంటికి అన్నానికి రా. మీ అక్క ఎదురు సూత్తది" అన్నాడు. మొగిలి కూర్చున్నాడు. ఇద్దరూ కాసేపు ఆ ఆఖరి గోల్‌ను చేతులతో గాలిలో గీసుకుని చూసుకున్నారు. ఆ మూడోవాడు చోటు వదిలిన క్షణం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

బొమ్మలగుట్ట దీపాలు కనిపించాయి. దిగబోయే ముందు ఓదెలుకు పొద్దుటి ప్రశ్న గుర్తుకొచ్చింది.

"గురువయ్యా, మీరు జవాబు చెప్పనేలేదు. గెలిసిన జట్టు నిజమా, ఓడుతున్న జట్టు నిజమా?"

రాజలింగుగారు కర్ర అందుకుని లేచారు.

"నన్నెందుకు అడుగుతున్నవ్ ఓదెలూ? కరెంటోళ్ళకు ఎరుకైంది. మీకే ఇంక గాలే."