గట్టెక్కని పెద్దమనిషి ముద్ర

పులిదొర అడవిని బాగుచేస్తానన్నాడంటే ఎవరికో మూడిందన్నమాటే. ఈసారి ఆయనకు వాగు పక్కనున్న మద్దిచెట్లు నచ్చలేదు. దట్టంగా పెరిగిపోయాయట, జింకలు కంటికి ఆనడం లేదట. చెట్లు కొట్టించి, ఏనుగుల చేత దుంగలను వాగు గట్టు వెంట లాగించమని హుకుం జారీ చేశాడు. కాకపోతే ఈమధ్య దొరకు ధర్మం మీద మోజు పుట్టింది. "తాబేళ్లకు నష్టం లేదని విచారించి, ముద్ర వేయించుకు రా" అని పేష్కారు నక్కను పంపాడు.

నక్క కబురు చేయగానే తాబేళ్లన్నీ వాగు మధ్యలోని బండ మీదికి చేరాయి. వాటికి పెద్ద డిప్పయ్య. గుడ్డులోంచి వచ్చి నీళ్లలో దిగిన రోజు తప్ప, ఎనభై ఏళ్లలో ఆయన మళ్లీ గట్టెక్కి ఎరగడు. మగ తాబేలుకు గట్టు మీద పనేముంటుంది?

వెనక వరసలో ఈరమ్మ మెడ చాచి వింటోంది. పది రోజుల కిందటే గట్టు మీది ఇసుకలో పదిహేడు గుడ్లు పెట్టి, కప్పి వచ్చిందామె. తొలకరికి గానీ పిల్లలు బయటికి రావు. అంతవరకూ వాటిని కదపడానికి లేదు, కదిపితే మురిగిపోతాయి.

నక్క టేకాకు ఒకటి పరిచి, రాయడానికి గోరు చాచింది. "డిప్పయ్యగారూ, మీ వాళ్ల కాపురం ఎక్కడండీ?"

"నీళ్లలోనే బాబూ. తాతల నాటి నుంచీ అంతే."

"తిండి?"

"నీళ్లలోనే."

"దొరగారి మాటగా చెబుతున్నా, దుంగలు లాగేది గట్టు వెంటే, మీ నీళ్లు చుక్క కూడా ముట్టుకోం. ఇంక మీకు నష్టమేముంది చెప్పండి?"

"ఏం లేదు బాబూ! దొర చల్లగా ఉండాలి" అన్నాడు డిప్పయ్య. తనను 'గారూ' అన్న మొదటి జంతువు ఈ నక్కే. ఆ సంబరంలో ఆయనకు ఒళ్లు తెలియలేదు.

ఈరమ్మ వెనక వరసలోంచి ముందుకు తోసుకొచ్చింది. "మామయ్యా, ఒక్కమాట. గట్టు సంగతి అడగండి."

"నోర్మూసుకోవే! ఆయన నీళ్ల సంగతి మాట్లాడుతుంటే మధ్యలో గట్టేంటి?"

"మనం గుడ్లు పెట్టేది గట్టు మీదే కదా మామయ్యా!"

డిప్పయ్య తెల్లబోయాడు. ఆయనకు నిజంగానే తెలీదు. తెలీదని నక్క ముందు ఒప్పుకుంటే పెద్దరికం ఏం కావాలి? "ఆడాళ్ల గొడవలు ఆడాళ్లే చూసుకుంటార్లెండి" అంటూ కాలు బురదలో ముంచి ఆకు మీద ముద్ర కొట్టేశాడు.

నక్క ఆకు తీసుకుని గట్టు మీదికి పోయింది. ఈరమ్మ ఊరుకోలేదు. వాగు ఈది, గట్టెక్కి, రొప్పుతూ నక్కకు అడ్డంగా నిలబడింది. "పేష్కారుగారూ, గట్టు మీద ఏముందని రాశారు?"

"తాబేళ్ల జాడ లేదని."

"పోయినేడు నా గుడ్లు తవ్వుకు తిన్నది మీరే కదా! ఏ ఇసుక కింద ఎన్నుంటాయో నాకన్నా మీకే బాగా తెలుసు."

నక్క సిగ్గుపడలేదు సరికదా, నవ్వింది. "తెలుసమ్మా. తెలుసని రాస్తే, ఎలా తెలిసిందని దొర అడగడూ?"

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

మూడోనాటికి ఏనుగులు దుంగలతో వచ్చాయి. ఈరమ్మ తన ఇసుక మీదికెక్కి కూర్చుంది. ముందు నడిచే ఏనుగు చాలా మర్యాదస్తురాలు. ఈరమ్మను తొండంతో మెత్తగా ఎత్తి వాగులో వదిలింది. "మీ చోటు నీళ్లేనని ఆకులో ఉంది తల్లీ. కనిపిస్తే జాగ్రత్తగా నీళ్లలో దింపమన్నారు."

"నా గుడ్లున్నాయమ్మా అక్కడ!"

"ఆకులో లేవు తల్లీ."

ఈరమ్మ మళ్లీ ఎక్కింది. ఏనుగు మళ్లీ దింపింది. నాలుగోసారి ఆమె ఎక్కేసరికి మొదటి దుంగ ఇసుకను చదును చేసుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం డిప్పయ్య బండ పక్కన హాయిగా ఈదుతూ కనిపించాడు. "ఏమే, ఎందుకా ఏడుపు? దొర మాట నిలబెట్టుకున్నాడు. నీళ్లు చూడు, ఎంత తేటగా ఉన్నాయో!"

"తేటగానే ఉన్నాయి మామయ్యా" అంది ఈరమ్మ. "ఈ వానాకాలం వాటిలోకి దిగే పిల్లే లేదు."

నీతి: పెద్దరికాన్ని అడిగి చేసిన విచారణ పెద్దరికాన్నే కాపాడుతుంది, పిల్లల్ని కాదు.