నూకాలు బూరెలు, అధికారి పల్లకీ

పూర్వం ఒక రాజు, ప్రజల ఊబకాయం తగ్గించాలని ఆజ్ఞ ఇచ్చాడు. దాన్ని అమలు చేసే అధికారి భైరవయ్య పల్లకీలో సంతకొచ్చి, బూరెలమ్మే నూకాలును పొయ్యి ఆర్పేయమన్నాడు. ఆ పొయ్యే ఆమె బతుకు.

"జనం లావెక్కేది నీ బూరెలవల్లే!"

"తమరెప్పుడైనా తిన్నారా బాబుగారూ?"

"ఛీ! ఒక్కటీ ముట్టలేదు."

"తమని మోసే బోయీలు సంతసంతకీ నాలుగేసి తింటారు. వాళ్లేమో వెదురుకర్రల్లా ఉన్నారు. ముట్టని తమరేమో ఇంత నిండుగా ఉన్నారు. మరి లావు బూరెలో ఉందా, పల్లకీలో ఉందా?"

బోయీలు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. సంతంతా చూస్తుంటే భైరవయ్య పల్లకీ దిగి నడిచాడు. పొయ్యి ఆరలేదు.

మరుసటి సంతకు ఆయన చెమటలు కక్కుతూ నడిచే వచ్చాడు. "ఏమమ్మా, బూరెలున్నాయా?" అన్నాడు మెల్లిగా.

"నడిచొచ్చినవాళ్లకి ఎందుకుండవు బాబుగారూ!" అంటూ నూకాలు వేడివేడిగా రెండు బూరెలు ఆకులో పెట్టింది.