అసిరయ్యను అడిగి రండి

ఊళ్లకు పేర్లుండి వీధులకు పేర్లు లేని కాలంలో, పొద్దున బస్సు వస్తే సాయంత్రం దాకా దాని గురించే మాట్లాడుకునే కాలంలో, కందివలసలో అసిరయ్య అనే మనిషి ఉండేవాడు. ధర్మాసుపత్రి వెనక పరీక్షల గదిలో గాజు ముక్కలు కడగడం అతని పని. నీళ్లు కాచేవాడు, గాజు కడిగేవాడు, ఎండలో పేర్చేవాడు. మర్నాడు మళ్లీ నీళ్లు కాచేవాడు, గాజు కడిగేవాడు, ఎండలో పేర్చేవాడు. అతని గురించి చెప్పుకోవడానికి అంతకుమించి ఏమీ లేదు. చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషంటే కందివలసకు మొదటినుంచీ చిన్నచూపు.

అసిరయ్యకు చదువు రాదు. హాజరు పుస్తకంలో వేలిముద్రల మరకలు చూడలేక కంపౌండరు పాపినాయుడు అతనికి నాలుగక్షరాలు నేర్పాడు. అ, సి, ర, య్య. లోకంలో రాసి ఉన్న మాటలన్నిటిలో అసిరయ్య చదవగలిగింది ఆ ఒక్కటే.

ఆ గదికి పెద్ద సుగుణమ్మగారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ. సెగ, సవాయి లాంటి సుఖవ్యాధులు కనిపెట్టడం ఆవిడ పని. కందివలసలో ఆ జబ్బులు ఎవరికీ లేవు. ఎవరినడిగినా మాకు లేవనే చెప్పారు. అయినా సర్కారువారు వాటికోసమే ఒక గది కట్టించి, భూతద్దం పంపించి, డాక్టరమ్మను కూడా పంపించారు.

ఆవిడ మూడు రకాలుగా చూసేది. చీము చుక్కను గాజు మీద పూసి, ఊదా రంగు పట్టించి చూస్తే, సెగ ఉన్నవాడి చీములో జంట చిక్కుడుగింజల్లాంటివి కనిపించేవి. పుండు మీది నీటిని అప్పటికప్పుడు భూతద్దం కింద పెడితే, సవాయి పురుగు చుట్టలు చుట్టుకుని కదిలేది. పుండు మానిపోయి, మనిషి అంతా బాగుందనుకునే వేళకు రక్తం చూడాలి. రక్తం మీద తేరిన నీటిలో ఒక మందు చుక్క వేసి, గాజును గుండ్రంగా తిప్పుతుంది. పాలలా నునుపుగా ఉంటే జబ్బు లేదు. విరిగిన పాలలా పలుకులు కడితే ఉంది. మూడోది అసిరయ్యకు బాగా అర్థమయింది. అతని ఇంట్లో ఒక ఆవు ఉండేది.

రక్తం తీసేది ముందు గదిలో, పాపినాయుడు. సీసా మీద పేరు రాసి కిటికీలోంచి వెనక్కి అందిస్తాడు. ఇచ్చిన మనిషిని డాక్టరమ్మ చూడదు. ఫలితం మాత్రం ఆ పేరు గలవాడినే పిలిచి, తలుపు మూసి చెబుతుంది. ఇంత జాగ్రత్తగా పెట్టుకున్న పద్ధతిని కందివలస ఆచారం వచ్చి తిరగేసింది.

ఆ ఊళ్లో జబ్బుపడ్డ మనిషి అసలు పేరు చెప్పరు. పేరు తెలిస్తే జబ్బు మళ్లీ వెతుక్కుంటూ వస్తుందని భయం. పిల్లాడికి అమ్మవారు పోస్తే చేలో దిష్టిబొమ్మకు ఒక పేరు పెట్టి, ఆ పేరే చెప్పేవారు. పాపినాయుడిదీ ఆ ఊరే. కాబట్టి ఎవరే పేరు చెప్పినా రాసుకున్నాడు. మనిషి పేరై ఉండాలి, అంతే.

సోమవారం మునసబు వచ్చాడు. మేనల్లుడి కోసం వచ్చానన్నాడు. చెయ్యి మాత్రం తనదే చాపాడు. పాపినాయుడు పేరడిగాడు. మునసబు కిటికీలోంచి బయటికి చూశాడు. కుళాయి దగ్గర అసిరయ్య కనిపించాడు. "అసిరయ్య" అన్నాడు మునసబు.

బుధవారం భజన మేళం పెద్ద వచ్చాడు. కిటికీలోంచి చూశాడు. "అసిరయ్య" అన్నాడు.

శుక్రవారం బెల్లం వ్యాపారి వచ్చాడు. అతను కిటికీలోంచి చూడను కూడా లేదు. పేరు అప్పటికే వాడుకలో పడిపోయింది.

అసిరయ్యకు ఇదేమీ తెలియదు. సోమవారం నాడు బల్ల తుడుస్తుంటే సీసా మీద తన పేరు కనిపించింది. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. అ, సి, ర, య్య. తన పేరున్నది తన రక్తమే అయి ఉండాలి. మరి ఎప్పుడు ఇచ్చాడు? నిద్రలో తీసుకున్నారా? చొక్కా చేతులు మడిచి చూసుకున్నాడు. మోచేతి దగ్గర దోమ కుట్టిన దద్దురు ఉంది. దాంతో సందేహం ఇంకా పెరిగింది.

డాక్టరమ్మ అదే సీసా చూసింది. పాపం, పక్కనే ఉంటూ నోరు తెరిచి చెప్పలేక ముందు గదిలో రక్తం ఇచ్చి వచ్చాడనుకుంది. ఇంకో రకం పరీక్షతో కూడా సరిచూసి, అతన్ని పిలిచి తలుపు మూసింది. సిగ్గుపడాల్సింది లేదనీ, సవాయి ఉందనీ, మందు ఉందనీ చెప్పింది. చదువుకున్న మనిషి గాజులోంచి చూసి చెబుతోంది, కాదనడానికి తనెవరు? అసిరయ్య అటు తిరిగి నిలబడి ఎడమవైపు పెన్సిలిన్ సూది పొడిపించుకున్నాడు.

బుధవారం రక్తం నునుపుగా వచ్చింది. భజన పెద్దకు ఉన్నది భయమే గాని జబ్బు కాదు. అది డాక్టరమ్మకెలా తెలుస్తుంది? ఒక్క సూదికి రెండు రోజుల్లో రక్తం మారదు, నెలలు పడుతుంది. మందు చుక్క చెడిపోయిందేమోనని కొత్తది కలిపింది. అప్పుడూ నునుపే. శుక్రవారం రక్తాన్ని ఎనిమిది వంతులు పలచన చేసినా పలుకులు కట్టింది.

"అసిరయ్యా, ఈ రెండు రోజుల్లో ఎక్కడికి వెళ్లావు?" అంది ఆవిడ.

"ఎక్కడికీ ఎల్లలేదమ్మా. కుళాయి కాడే ఉన్నాను."

"కుళాయి వల్ల రాదు."

"అదే నాకూ బోధపడ్డం లేదమ్మా."

కుడివైపు రెండో సూది పడింది. పెళ్లాన్ని కూడా పరీక్షకు తీసుకురమ్మని ఆవిడ గట్టిగా చెప్పింది.

అసిరయ్య భార్య నూకాలు. ఆవిడ నోటికి బస్సు డ్రైవరు కూడా పక్కకు తప్పుకునేవాడు. ఆ రోజు మొగుడు అరుగు మీద పడుకున్నాడు. గ్లాసు ముడితే జబ్బు అంటుతుందని కొబ్బరి చిప్పలో నీళ్లు తాగాడు. కూర్చోమంటే కూర్చోలేకపోయాడు. ఏమైందని నూకాలు మూడుసార్లు అడిగింది. మూడోసారి చెప్పేశాడు. నూకాలు చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ పుట్టాక అలాంటిది అదే మొదలట.

"ఎవర్తది?" అంది చివరికి.

"నాకు తెల్దే."

"నీకు తెలకండా ఎలాగొస్తాది మావా?"

"అదే నాకూ తెల్దు."

మర్నాడు నూకాలు బట్టలు మూట కట్టింది. సాయంత్రం బస్సుకు అన్న ఊరికి పోతానంది, మరి తిరిగి రానంది. ఇరవయ్యేళ్ల కాపురం ఒక మూటలో సరిపోయింది. నుయ్యి దగ్గర ఆడవాళ్లకు సంగతి మధ్యాహ్నానికే తెలిసింది. అసిరయ్య అలాంటివాడని ముందే తెలుసని అందరూ అన్నారు. అంతకుముందు రోజు దాకా అసిరయ్య అని ఒకడున్నాడనే వాళ్లకు తెలియదు.

బస్సుకు పోతూ నూకాలు ఆసుపత్రిలో ఆగింది. మూట చంకలోనే ఉంది. "నా ఎదురుగా తియ్యండమ్మా. ఆడిదీ తియ్యండి, నాదీ తియ్యండి. నా కళ్లతో సూసి మరీ పోతాను" అంది.

ఈసారి డాక్టరమ్మే రక్తం తీసింది. సూది నరంలో దిగగానే అసిరయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఇది కొత్తగా ఉందమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఇలాటి నొప్పి నేనెప్పుడూ ఎరగను."

డాక్టరమ్మ అతనివైపు ఒకసారి చూసింది. పాత సూది గుర్తు కోసం అతని మోచెయ్యి తిప్పి చూసింది. రక్తం గడ్డకట్టేదాకా ఆగారు. నీరు తేరేదాకా ఆగారు. మందు చుక్క వేసి ఆవిడ గాజును తిప్పుతుంటే, బస్సు వచ్చి హారను కొట్టింది. నూకాలు కదల్లేదు. డాక్టరమ్మ భూతద్దంలో కన్ను పెట్టి చాలాసేపు చూసింది. రెండూ నునుపుగా ఉన్నాయి.

"ఈ రక్తం ఎప్పుడూ విరగలేదు. విరిగినది వారంలో ఇంత నునుపు కాదు" అంది. పాత సీసాలు మూడూ తెచ్చి కొత్తదాని పక్కన పెట్టింది. నాలుగు సీసాలు, నాలుగూ అసిరయ్యలే. అప్పుడు పాపినాయుడిని పిలిచింది.

వాళ్లు చెప్పిన పేరే రాశానని పాపినాయుడు అన్నాడు. ఎవరు వాళ్లని అడిగితే పైకప్పు దూలాలు లెక్కపెట్టాడు. ఒక్కటే దూలం, చాలాసేపు చూశాడు. శుక్రవారం సీసావాడికి జబ్బు బాగా ముదిరిందని, అతని భార్య కడుపుతో ఉంటే బిడ్డ కడుపులోనే పోవచ్చని ఆవిడ చెప్పింది. పాపినాయుడు చూపు దూలం మీంచి కాళ్ల మీదికి దిగింది.

కుళాయి దగ్గర కూర్చునేవాడికి ముందు గది గుమ్మం బాగా కనిపిస్తుంది. సోమవారం ఎవరొచ్చారో, బుధవారం ఎవరొచ్చారో, శుక్రవారం ఎవరొచ్చారో అసిరయ్య గుర్తు చేసుకున్నాడు. బెల్లం వ్యాపారి భార్యకు ఐదో నెల. అంతకుముందు రెండు కాన్పులూ పోయాయి. ఆ రెండింటికీ ఊరు ఆవిడ నడకనే తప్పుపట్టింది.

నూకాలుకూ అర్థమయింది. "బస్సు కాడికి పద మావా. అక్కడ నిలబడి ముగ్గురి పేర్లూ సెప్పు. ఊరంతా నిన్నే అంటంది" అంది.

అసిరయ్య లేచాడు. మళ్లీ కూర్చోబోయి, నొప్పి గుర్తొచ్చి నిలబడ్డాడు. "సెప్తే ఆళ్లు మరి ఈ గుమ్మం ఎక్కరే" అన్నాడు. "ఆళ్లు ఎక్కపోతే ఆ బిడ్డ?"

"మరి నీ పేరో?"

అసిరయ్య బల్ల మీది సీసాలవైపు చూశాడు. తనకు చదవడం వచ్చిన ఒకే ఒక్క మాట నాలుగుచోట్ల ఉంది.

"నా పేరు అలాగే ఉంచీండమ్మా" అన్నాడు డాక్టరమ్మతో. "పక్కన ఒకటి, రెండు, మూడు అని ఎయ్యండి. ఎవరి అంకె ఆళ్లకు నేను సెప్పొస్తాను."

బస్సు ఇంకోసారి హారను కొట్టి వెళ్లిపోయింది. నూకాలు మూట విప్పి, అందులోంచి తువ్వాలు తీసి మొగుడి మొహం తుడిచింది.

"ఊరు ఏటన్నా అననీ. నువ్వు ఏ అసిరయ్యవో నాకు తెల్సు" అంది.

ఆ సాయంత్రమే అసిరయ్య మూడిళ్లకు వెళ్లాడు. మొదటి అసిరయ్యను ఇంటావిడతో సహా డాక్టరమ్మ రమ్మంటున్నారని మునసబుకు చెప్పాడు. రెండో అసిరయ్యకు ప్రస్తుతానికి ఏమీ లేదు, కొత్తగా తగిలితే రక్తంలో వెంటనే తెలియదు కాబట్టి మూడు నెలలకు మళ్లీ ఒకసారి చూపించుకోవాలని భజన పెద్దకు చెప్పాడు. మూడో ఇంటి గుమ్మంలో నిలబడి, మూడో అసిరయ్యకు జబ్బు ముదిరిందనీ, కడుపులో బిడ్డకు ప్రమాదమనీ చెప్పాడు. బెల్లం వ్యాపారి కోప్పడ్డాడు, ఏడ్చాడు, తెల్లారగానే భార్యను బండెక్కించి ఆసుపత్రికి తెచ్చాడు.

ఊరు అసిరయ్యను చూసి నవ్వుతూనే ఉంది. ఊరి జబ్బులన్నీ ఒక్కడికే వచ్చాయని మునసబు కూడా రచ్చబండ మీద కూర్చుని నవ్వాడు. తను మూడో సూది పొడిపించుకున్న రోజున మాత్రం నిలబడి నవ్వాడు.

నాలుగు నెలలకు బెల్లం వ్యాపారికి కొడుకు పుట్టాడు. గట్టిగా ఏడ్చే కొడుకు. తాతముత్తాతల పేర్లు అన్ని ఉండగా వాడికి అసిరయ్య అని పెట్టారు. ఎందుకని అడిగితే మొక్కు అన్నారు. ఏ దేవుడికని అడిగితే మాట మార్చారు. రెండేళ్లలో ఆ చుట్టుపక్కల ఇంకా ఆరుగురు అసిరయ్యలు పుట్టారు.

అసలు అసిరయ్య ముసలివాడై చనిపోయిన రోజున ఏడూళ్ల జనం వచ్చారు. మునసబు పాడె మోశాడు. భజన మేళం పెద్ద పిలవకుండానే వచ్చి దారంతా పాడాడు. ఆడవాళ్లు కూడా వచ్చారు, నుయ్యి దగ్గర నవ్వినవాళ్లే. ఎందుకొచ్చారో ఎవరూ ఎవరినీ అడగలేదు. వీళ్లంతా మీకేమవుతారని కొత్త కంపౌండరు నూకాలును అడిగాడట. "మా మావ పేరింటోళ్లు బాబూ" అందట ఆవిడ.

ఇప్పుడు భూతద్దాలు మారాయి, సూదులు మారాయి, చీటీలు యంత్రాలు రాస్తున్నాయి. ఆ ఆసుపత్రిలో మాత్రం ఆ పరీక్షకు పేరడగరు. మగవాడు వచ్చినా, ఆడమనిషి వచ్చినా, సీసా మీద అసిరయ్య అని రాసి పక్కన అంకె వేస్తారు. కందివలసలో సంబంధం కుదిరితే, ముహూర్తం పెట్టుకునే ముందు పెద్దవాళ్లు పిల్లనూ పిల్లాడినీ కూర్చోబెట్టి, "అసిరయ్యను అడిగి రండి" అంటారు. ఇద్దరూ వెళతారు. వచ్చేటప్పుడు వెనక కుళాయి దగ్గర ఆగి, ఒక గాజు ముక్క కడిగి ఎండలో పెట్టి వస్తారు.