హీటరు మీద చెయ్యి

అప్పలస్వామి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. ఏదో ఒక బండి బానెట్ ఎత్తిస్తారు. గాజువాకలో ముప్ఫయ్యేళ్లుగా కార్ల ఏసీలు బాగుచేస్తున్న ఆయన షెడ్డులో ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలిసి కూడా అక్కడే పనిచేసే పైడితల్లి ఆ రోజు అడిగేసింది. అడక్కపోతే ఊపిరాడేలా లేదు మరి.

అనకాపల్లిలో కొత్త షెడ్డు తెరుస్తున్నారు. దాన్ని నడపడానికి గౌరునాయుడిని పంపుతున్నానని మాస్టారు పొద్దున టీ తాగుతూ తేలిగ్గా అనేశారు. ఆరేళ్లుగా కంప్రెసర్ల నూనెలో చేతులు ముంచినది తను. వాడొచ్చి రెండేళ్లు. వాడికి షెడ్డు!

"మాస్టారూ, నాలో లేనిది వాడిలో మీకేం కనిపించింది? మొహమాటం లేకుండా చెప్పండి."

ఆయన గ్లాసు కింద పెట్టి, అప్పుడే వచ్చిన ఓ ఇరవయ్యేళ్ల నాటి తెల్ల కారు చూపించారు. దాని యజమాని ఒక హెడ్మాస్టరు గారు. "రెండు నెలల కింద మీ గౌరునాయుడే గ్యాసు నింపాడమ్మా, బాగానే ఉండేది. మొన్న పిల్లల్తో అరకు వెళ్లొచ్చాం. అక్కడినుంచి దిగాక చల్లగాలే లేదు" అన్నారాయన.

"చూడు" అన్నారు మాస్టారు.

పైడితల్లికి లోలోపల పండగే. వాడి తప్పు వాడి పేరుతో సహా తన చేతికి చిక్కబోతోంది! గౌరునాయుడు బిగించిన ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి, బుడగ లేస్తుందేమోనని రెప్ప వేయకుండా చూసింది. లేవలేదు. గ్యాసు ఒత్తిడి చూసే గేజీలు తగిలిస్తే ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. గ్యాసు గొట్టం మంచుగడ్డలా ఉంది, దాని ఒళ్లంతా చెమట పట్టింది. అయినా కారులో కూర్చుంటే ఒకటే వడగాలి. ఆమె దిగి మళ్లీ మొదటి జాయింటు దగ్గరికే వెళ్లింది.

"ఏటక్కా, మళ్లీ నురగేనా? నా మీద కేసు గానీ పెట్టేవా ఏటి?" అన్నాడు గౌరునాయుడు నవ్వుతూ.

"పెడితే నీకు బెయిలు కూడా దొరకదు. పోయి పని చూసుకో."

మధ్యాహ్నం దాటాక మాస్టారు వచ్చారు. ఇంజను వెనకనుంచి డాష్‌బోర్డు లోపలికి వెళ్లే రెండు రబ్బరు గొట్టాలు చూపించి, "చెయ్యి పెట్టు" అన్నారు. పెట్టింది. చురుక్కుమంది.

హీటరు గొట్టాలు! అరకు చలికి హెడ్మాస్టరు గారు హీటరు వేసుకున్నారు. దిగొచ్చాక మీట వెనక్కి తిప్పారు గానీ, లోపల దాని తీగ తెగిపోయింది. ఇంజను వేడినీళ్లను హీటరుకు వదిలే వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. ఏసీ చల్లబరిచిన గాలిని హీటరు మళ్లీ కాచి వదులుతోంది. ఏడాదంతా ఉక్కపోసే గాజువాకలో హీటరు మీద చెయ్యి పెట్టేదెవరు? కారులో అదొకటి ఉందనే ఎవరికీ గుర్తుండదు.

ఆమె ప్లయరుతో వాల్వు మూసి, వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. అయిదు నిమిషాల్లో కారంతా చల్లబడింది. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు.

"గౌరునాయుడు బిగించినవాటిలో ఎన్ని వదులుగా ఉన్నాయి?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఒక్కటీ లేదండీ."

"అరకు వెళ్లొచ్చామని హెడ్మాస్టరు గారు నీ ఎదురుగానే చెప్పారు కదా. నీకేం వినబడింది?"

పైడితల్లి చేతిలోని ప్లయరు డాష్‌బోర్డు మీద పెట్టింది.

"గౌరునాయుడి పేరు."

మాస్టారు గాలికి ఎదురుగా అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచారు.

"ఇందులో చల్లదనానికి లోటేం లేదమ్మా. పొద్దుటినుంచీ తయారవుతూనే ఉంది" అని తలుపు తీసుకుని దిగిపోయారు.