పాసైన బండిలో పొగ

కడప ఆటోనగర్‌లో దస్తగిరి మేస్త్రికి ఒక అలవాటు. ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తడు. "ఇందులో ఎవరెవరు కూర్చుంటారు?" అని అడుగుతాడు. ఆయన శిష్యుడు ఓబులేసు ఆ ప్రశ్నకు చాటున నవ్వుకునేవాడు.

నాది పాత పెట్రోలు పికప్పు. తెల్లారేసరికి కూరగాయలు మార్కెట్టుకు చేర్చాలి. పక్క సీట్లో నా కూతురు ఇందు, తొమ్మిదేళ్లది, దిండేసుకుని పడుకుంటుంది. పొల్యూషన్ పరీక్షలో బండి మూడుసార్లు ఫెయిలైంది. మేస్త్రి ఊళ్లో లేనప్పుడు ఓబులేసు ఏదో చేశాడు. నాలుగోసారి పాసైంది. సంతోషంతో అతనికి గంపెడు జామకాయలు ఇచ్చాను.

ఆ వారమంతా ఇందు మార్కెట్టు చేరేసరికి మత్తుగా ఉండేది. నిద్రమొహం అని తిట్టాను. శనివారం తట్టినా లేవలేదు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. బండి పొగలోని విషగాలి పీల్చిందన్నారు. దానికి రంగుండదట, వాసనుండదట. నేను నా వైపు అద్దం దించి నడుపుతాను. నాకు తలనొప్పితో పోయింది.

సోమవారం బండిని షెడ్డుకు తెచ్చాను. మేస్త్రి తన ప్రశ్న అడిగాడు. చెప్పాను.

ఓబులేసు బండిలోంచి పొల్యూషన్ కాగితం తెచ్చి చూపించాడు. "పాసైన బండిలో పొగ ఎట్లుంటాది మేస్త్రీ?"

మేస్త్రి షెడ్డులో గురువారాలు వేసే సాంబ్రాణి తెమ్మన్నాడు.

"దెయ్యం పట్టిందనా, ధూపం?" అన్నాడు ఓబులేసు.

"ఊదురా."

ఇంజన్ ఆపే ఉంది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగను బ్లోయరుతో వెనక సైలెన్సర్ గొట్టంలోకి ఊదించాడు. క్యాబిన్ తలుపులూ అద్దాలూ మూయించాడు. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం.

కాసేపు ఏమీ లేదు. తర్వాత కింద పరిచిన మ్యాటు అంచు నుంచి తెల్లని దారమొకటి లేచింది. సీటు మీదికి పాకింది. ఇందు దిండు అక్కడే ఉంది. పిల్ల తల పెట్టిన గుంట అలాగే ఉంది. పొగ ముందు ఆ గుంటనే నింపింది. నిండాక కదల్లేదు. ఎవరో పడుకున్నట్టే ఉంది.

పురిట్లో నా బిడ్డ జుట్టుకు పట్టిన వాసనే అది. అద్దం సందులోంచి వస్తోంది.

బ్లోయరు ఆగింది.

"ఎక్కడ పొడిచినావురా?" అన్నాడు మేస్త్రి.

"గొట్టానికి చిన్న బెజ్జమే మేస్త్రీ. పొగ కొంత దారిలోనే పోయి, బయటి గాలి కలిస్తే మిషన్‌కు తక్కువ చూపిస్తాది. శానామంది చేసేదే. పైన నేల రేకు తుప్పుపట్టి చిల్లుపడిందని నాకు తెలీదు." ఓబులేసు నావైపు చూడలేదు.

ఆ బెజ్జానికీ నేల రేకుకూ అతని చేతనే వెల్డింగ్ పెట్టించాడు మేస్త్రి. తర్వాత బండిని మళ్లీ పరీక్షకు పంపాడు.

ఓబులేసు తల దించుకుని తిరిగొచ్చాడు. "ఫెయిలు మేస్త్రీ. మొదటికే వచ్చింది."

మేస్త్రి ఆ కాగితం నిదానంగా చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"హమ్మయ్య," అన్నాడు. "పొగ దారికొచ్చింది. ఇంక రోగమేందో చూద్దాం పా."