గాలాలమొగ ఊసులమ్మ తల్లి నోరు తెరిచిన కథ

గాలాలమొగ వచ్చే బస్సు ఉప్పుమడుల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇసుకలో ఇరవై నిమిషాలు నడవాలి. ఎండ ముదరకముందే రమ్మని మా గుడి కమిటీ ఏటా బోర్డు రాయిస్తుంది, భక్తులు ఏటా మిట్టమధ్యాహ్నమే వస్తారు. సరే, వచ్చినవారికి కుండలో చల్లని నీళ్లుంటాయి, తాగి కూర్చోండి.

ఇక్కడ గోపురం లేదు. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక తాటాకు పందిరి, దాని కింద నడుమెత్తు నల్లరాయి, అంతే. ఆ రాయికి ముందువైపు తెరిచిన నోటిలాంటి గుంట ఉంది. అదే ఊసులమ్మ తల్లి. పైన దూలానికి వందల గాలాలు వేలాడుతుంటాయి. దయచేసి వాటిని ముట్టుకోవద్దు. తుప్పు పట్టినా వాటి వాడి తగ్గదు, గుచ్చుకున్నాక నన్ను తిట్టుకుని లాభం లేదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దోనెలు కట్టుకునే రాయి మాత్రం ఉండేది. ఊరిలోని ముప్పై గడపల వారూ వలలు వేయక గాలంతోనే పండుగప్ప చేపను పట్టి బతికేవారు. పండుగప్ప పట్టడం వలతో చేపలు ఈడ్చినట్టు కాదు. అది ఎక్కడ పడితే అక్కడ ఉండదు. నీరు తిరిగే వేళ, సుడి ఉన్నచోట, బతికిన ఎర కదిలితేనే నోరు తెరుస్తుంది. అందుచేత ఎవరి చోటు వారికి ప్రాణం. ఆ చోటు మరొకరికి తెలియకూడదని మా పెద్దలు పడిన పాట్లు తలచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది. ఉత్తరానికి పోయేవాడు దక్షిణానికి బయలుదేరేవాడు. ఉప్పుటేరులో పట్టిన చేపను సముద్రంలో పట్టానని చెప్పేవాడు. కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పేవారు కారు, అది పుట్టింట్లో వాగుతుందట!

వీరందరిలో ఆరితేరినవాడు గోసల బైరాగి. మెడెత్తు పండుగప్పను ఒంటిచేత్తో దోనెలోకి లాగగల మొనగాడు. అతని భార్య దేముడమ్మ. ఒక ఆషాఢమాసంలో, అమావాస్యకు మూడు రోజుల ముందు, బైరాగి తెల్లవారుతూనే ఒంటరిగా వేటకు వెళ్లాడు. ఎప్పటిలాగే ఎక్కడికో చెప్పలేదు. పొద్దెక్కేసరికి గాలి తిరిగింది. కడలి ఉబ్బి మొగ దగ్గర కెరటాలు తాటిచెట్టంత లేచాయి. అవతలికి దోనె వేయడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాకపోయింది. ఊరంతా ఒడ్డున చిక్కుకుపోయింది. బైరాగి ఒక్కడే బయట ఉండిపోయాడు.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. వేట లేని గాలగాళ్లు ఈ రాయి చుట్టూ కూర్చుని తాళ్లు పేనుకుంటూ, గాలాలు సానపట్టుకుంటూ ఉన్నారు. దేముడమ్మ వారి మధ్యకు వచ్చి ఒక్కొక్కరినీ అడిగింది.

"బాబూ, మా ఆయన ఏ పక్కకెళ్తాడో ఎవరికైనా తెలిస్తే సెప్పండి. మీ కాళ్లకి దండం పెడతాను."

"అతనెప్పుడు సెప్పాడమ్మా మాకు?" అన్నారందరూ. తలలు వంచుకుని మళ్లీ సానపట్టుకున్నారు. సముద్రం వైపు వెళ్లాడా, మడ అడవిలోకి వెళ్లాడా అన్నది కూడా తెలియదు. తెలిస్తే కదా కనీసం ఆ దిక్కుకు తిరిగి ఏడవడానికి!

మూడవనాడు అమావాస్య. సాయంత్రానికి పెద్దపోటు వస్తుంది, పల్లపు చోట్లన్నీ మునిగిపోతాయి. రెండు రోజులుగా ముద్ద ముట్టని దేముడమ్మ పట్టపగలే ఈ రాయికి ఆనుకుని కునుకు తీసింది. ఆ కునుకులో తడిచీర కట్టుకున్న ఒక ముసలామె రాయి మీద కూర్చుని కనిపించింది. ఆమె జుట్టు నిండా ఇసుక. "నీ మొగుడు సముద్రంలో లేడే పిల్లా, ఈ ఊరివాళ్ల నోళ్లల్లో ఉన్నాడు. ముక్కలు ముక్కలుగా ఉన్నాడు. ఎవరి ముక్క వాళ్లను నా ముందు కక్కమను. నోరు పెగలనివాళ్లకు నా నోరు ఇస్తాను" అని పలికి మాయమైంది. దేముడమ్మ ఉలిక్కిపడి లేచి చూసేసరికి, నున్నగా ఉండే రాతికి ఈ గుంట పడి ఉంది.

ఆమె కేక విని అందరూ మూగారు. కల సంగతి చెప్పి, రాతిని చూపించి, "నాకు మీ సోట్లు అక్కర్లేదు, నా మనిషి కావాలి" అని భోరున ఏడ్చింది. నీరు వెనక్కి తీసే వేళ దాటిపోతోంది.

ముందుగా కూన గంగన్న అనే ముసలాయన లేచి రాతి మీద చెయ్యి వేశాడు. "ఆడి దోనె నా దోనె పక్కనే కడుగుతాడు. అడుగున ఎప్పుడూ నల్లబురదే గానీ ఇసక ఉండదు. సముద్రానికి కాదు, మడలోకే ఎళ్తాడు" అన్నాడు. రొయ్యలు దేవే పైడితల్లి ముందుకు వచ్చి, "నా దగ్గర బతికిన రొయ్యలు పట్టుకెళ్తాడు. గంటలో సచ్చిపోతాయంటే, అంతలోపే సేరిపోతానన్నాడు" అంది. అంటే దూరం కాదు. ఇంకొకడు బైరాగి అరికాళ్లకు ఎప్పుడూ ఆల్చిప్పల కోతలుండేవని చెప్పాడు. ఆల్చిప్పలు పట్టే పాయలు మడలో మూడే ఉన్నాయి.

మూడింటిలో ఏది? దారి తప్పితే మళ్లీ వెనక్కి వచ్చేంత వ్యవధి లేదు. మొగ మీదుగా దోనె పోదు, మడలోకి వేరే దారి ఎవరికీ తెలియదు.

అప్పుడు బైరాగి తోడల్లుడు మసేను రాతి దగ్గరకు వచ్చాడు. మూడు రోజులుగా అతడు ఆ గుంపులోనే కూర్చుని తాడు పేనుతున్నాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. అమ్మవారి నోటిలో చెయ్యి పెట్టాక గానీ పెగలలేదు.

"నడిమి పాయ. రెండు పాయలు కలిసేకాడ పడిపోయిన మడమాను కింద. నాకెలా తెలుసంటే... నాను దొంగతనంగా అక్కడే గాలం ఏస్తున్నాను. రెండేళ్లయింది. ఉప్పుమడుల ఎనక నుంచి నడిసే దారుంది. బైరాగికి తెలిస్తే సంపేస్తాడని సెప్పలేదు."

"మూడు రోజులా మసేనూ!" అంది దేముడమ్మ. అందరూ ఆ దారిన పరుగెత్తారు.

వెళ్లేసరికి పోటు మొదలైంది. దోనె రెండు చెక్కలై ఉంది. బైరాగి నడుముకు తాడు చుట్టుకుని ఆ మడమానుకే తనను కట్టుకున్నాడు, నీరు గుండెల దాకా వచ్చింది. మనుషులను చూడగానే అతని నోట వెలువడిన మొదటి మాట ఏమిటో ఊహించండి.

"ఈ సోటు మీకెవడు సెప్పాడ్రా?"

"నేనే. నీ ఎనకాల దొంగలా వచ్చాను" అన్నాడు మసేను.

బైరాగి అతన్ని దగ్గరకు లాక్కున్నాడు. "దొంగెదవా" అని మసేను మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

నాటి నుంచి ఆ రాయి ఊసులమ్మ అయింది. సముద్రం పోటెత్తినా, ప్రభుత్వం ఏటా వేట ఆపినా, ఆ రోజుల్లో గాలగాళ్లందరూ ప్రతి ఉదయం ఈ పందిరి కిందికి చేరి అమ్మవారి నోటి మీద చెయ్యి వేసి తమకు తెలిసినది చెబుతారు. ఏ పాయలో సుడి మారింది, ఏ ఎర పనిచేస్తోంది, పండుగప్ప తల విదిలించినప్పుడు తాడు ఎలా పట్టాలి, మొప్ప మీది చెంప రెక్క చెయ్యి కోయకుండా ఎక్కడ పట్టుకోవాలి, అన్నీ. మొదటి ఊసు గోసల వారిది, రెండవది మసేను సంతతిది. చివరి రోజున ఇంటి ఆడవారు అడుగుతారు: "నువ్వు తిరిగి రాకపోతే నిన్నెక్కడ వెతకాలి?" దానికి జవాబు చెప్పి, ఒక గాలం దూలానికి కట్టి, సముద్రం తెరిచాక వేటకు పోతారు. ఇక్కడ నిజం చెప్పినవారిని తల్లి ఒడ్డుకు చేరుస్తుందని మా నమ్మకం.

ఈ పుస్తకం రాసిన నాకు అరవై ఎనిమిదేళ్లు. నాది కూన గంగన్న ఇల్లే. ఆ ప్రశ్న నా భార్య నలభై ఏళ్లుగా అడుగుతోంది. నేను ప్రతి ఏడూ సగమే చెబుతున్నాను, తూర్పు పాయ అని ఊరుకుంటున్నాను. ఆమె ఆ సగంతోనే ప్రతిసారీ ఒడ్డున నిలబడి ఎదురుచూసింది. ఈ కథ రాశాక మిగతా సగం దాచుకోలేకపోయాను. కనుక అందరి ఎదుట, అచ్చులో చెబుతున్నాను. తూర్పు పాయలో మూడో మలుపు, జంట మడమానుల మధ్య, నీరు వెనక్కి తీయడం మొదలైన అరగంటకు నేనక్కడ ఉంటాను. రాకపోతే అక్కడ వెతకండి.