నాంచారమ్మ మొహానికి క్రీము

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో, గుడ్డలకి రంగులద్దే నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు రాఘవులు. మేనబావే, ఆవిడకన్నా రెండేళ్ళు పెద్ద. రాఘవులు పాకలో నీడన నిలబడి చెక్క అచ్చులతో గుడ్డల మీద పువ్వులద్దేవాడు. నాంచారమ్మ వాటిని కాలవలో జాడించి, మిట్టమధ్యాహ్నం ఎండలో గట్టు మీద ఆరేసేది. ఇరవై ఐదేళ్ళుగా అదే పని. ఊఁ కొడుతున్నావా?

ఒకసారి ఇద్దరూ చుట్టాలింట్లో పెళ్ళికెళ్ళారు. వడ్డించే పిల్ల కొత్త కోడలు, ఎవరినీ ఎరగదు. "బాబాయిగారూ, మీ అమ్మగారికి కూడా మీ పక్కనే విస్తరి వెయ్యనా?" అని అడిగింది. పంక్తిలో అందరూ గొల్లుమన్నారు. రాఘవులూ నవ్వాడు. చూశావా, నవ్వకూడని మనిషి కూడా నవ్వాడు. నాంచారమ్మ ఆ పూట విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

అప్పుడు ఇంటికొచ్చి అద్దం చూసుకుంది. నుదుటి మీద గీతలు, కళ్ళ కింద మడతలు, బుగ్గల మీద నల్లమచ్చలు. ఆర్నెల్లలో రాఘవులు అన్న కూతురి పెళ్ళి ఉంది. ఆ పిల్లకి అమ్మానాన్నా లేరు. వీళ్ళిద్దరే పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలి.

"ఈ మొహంతో నీ పక్కన కూర్చోను బావా. ఇంకెవరినైనా చూసుకో," అంది నాంచారమ్మ. ఆ పిల్లని కళ్ళలో పెట్టుకుని పెంచింది ఈవిడే. అయినా అంత మాట అనేసింది. అంత కష్టం కలిగింది మరి.

ఆ తర్వాత సంతకెళ్ళి, వారంలో పదేళ్ళు తగ్గిస్తుందని ఎవరో చెప్పిన క్రీము తెచ్చుకుంది. డబ్బా మీద ఎవరు చేశారో లేదు, అందులో ఏముందో లేదు. మూడు రోజులు మొహం తెల్లగా మెరిసింది. నాలుగో రోజు కారం పూసినట్టు మండింది.

అది తగ్గాక పక్కింటావిడ మాట విని నిమ్మరసం రాసుకుని ఎండలోకెళ్ళింది. ఉన్న మచ్చల పక్కన కొత్త మచ్చలు లేచాయి.

ఆ తర్వాత పట్నంలో మేనకోడలు రాత్రిపూట రాసుకునే క్రీము ఒకటి పంపింది. అది మంచిదే. బఠాణీ గింజంత రాయాలని కాగితంలో ఉంది. ఎక్కువ రాస్తే త్వరగా పనిచేస్తుంది కదా అని, ఈ మహాతల్లి పొద్దున్నే వెన్న పూసినట్టు పూసేసింది. రెండ్రోజులకల్లా తోలు పొట్టు లేచింది.

అప్పుడు రాఘవులికి భయం వేసింది. సైకిలెక్కించుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. జరిగిందంతా విని ఆవిడ, "కొత్త రంగు తెస్తే చీర మొత్తానికి వేసేస్తావా?" అని అడిగింది.

"అమ్మో! ముందు పీలిక మీద వేసి, ఉతికి, ఎండబెట్టి చూస్తానండీ."

"మరి నీ మొహం చీరపాటి చెయ్యదా?"

నాంచారమ్మ తల దించుకుంది. నిజమే కదా!

అప్పుడు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఏ క్రీమైనా ముందు మోచేతి మడతలో కాస్త రాసి వారం రోజులు చూడాలి. మండినా, ఎర్రబడినా మానెయ్యాలి. ఏముందో రాయని డబ్బా ముట్టుకోకూడదు. రాత్రి క్రీము తోలు మానాకే, అదీ వారానికి రెండుసార్లే. "కడుపుతో ఉంటే మాత్రం అది వద్దు," అంది. "ఈ వయసులోనా అండీ!" అని నాంచారమ్మ పకపకా నవ్వేసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ ఎండకి రాసుకునే క్రీము పేరు రాసిచ్చింది. "అన్నిటికన్నా ఇది ముఖ్యం. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి రాయి. పదేళ్ళు తగ్గించే క్రీము ఎక్కడా లేదమ్మా. నిన్ను ఇంతగా ముసలిదాన్ని చేసింది వయసు కాదు, ఎండ."

ఇంటికొచ్చాక రాఘవులు అరుగు మీద కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ నీడ నేనుంచుకుని ఎండ నీకిచ్చాను నాంచారీ. పైగా నలుగురిలో నవ్వాను. రేపట్నుంచి మధ్యాహ్నం ఎండ నాది. నువ్వు అచ్చులు పట్టు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. నాంచారమ్మ మొహం మీద మంట పోయింది, మచ్చలు కాస్త పలచబడ్డాయి. గీతలు మాత్రం పోలేదు, కొంచెం మెత్తబడ్డాయి, అంతే. రాఘవులేమో "ఆడాళ్ళ సరుకు నాకెందుకు" అంటూ ఉత్త మొహంతో ఎండలో తిరిగి కమిలిపోయాడు.

పెళ్ళి రోజు నాంచారమ్మ ఎవరూ పిలవకుండానే వెళ్ళి పీట మీద కూర్చుంది. పక్కన రాఘవులు కూర్చున్నాడు. ఫోటోలు తీసేవాడు "దంపతులిద్దరూ ఇటు చూడండి" అన్నాడు. ఆవిడ చూడలేదు. పొట్టు లేచిన మొగుడి ముక్కు వైపే చూస్తోంది.

"రేపట్నుంచి నువ్వూ రాసుకో బావా," అంది. "నన్ను వదిలేసి ముందుగా ముసలాడివైపోతే ఊరుకోను."

కథేమో కంచి దారి పట్టె,
కంటికేమో కునుకు పట్టె,
దుప్పటి కప్పుకో బుజ్జీ,
ఇంక పెట్టకు పేచీ!